నోరు చూశారు సరే, కబురేదీ? (17వ భాగం)



పోయిన వారం హాస్టళ్ళ గురించి రాశాక ఇద్దరు డెంటల్ విద్యార్థులు, సోషల్ వర్క్ చదువుతున్న ఒక చెల్లెలు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, డుంబ్రిగుడ వైపు క్యాన్సర్ సర్వేకి వాలంటీర్లుగా రమ్మంటున్నారు. వెళ్ళమంటావా?"

వెళ్ళండి. కానీ వెళ్ళే ముందు ఇది చదివి వెళ్ళండి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ వాలంటీర్ అనే మాట సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో ఆ మాట అరిగిపోయింది. 2019 ఆగస్టు 15 నుంచి కొన్నేళ్ళపాటు 50 ఇళ్ళకొకరు చొప్పున ప్రభుత్వం పెట్టిన పిల్లలు వాలంటీర్లు. నెలకి 5 వేలు గౌరవ వేతనం. పింఛను తెచ్చేది వాళ్ళే, వేలిముద్ర తీసుకునేది వాళ్ళే. ఇవాళ్టికీ కొండమీద ఏ ఇంటికైనా వెళ్ళి "మేం వాలంటీర్లమమ్మా" అంటే ముసలమ్మ బొటనవేలు ముందుకు చాపుతుంది. నేను కళ్ళారా చూశాను. ఆ వేలు చూసి మీ సమ్మతి పత్రం పని తేలికైపోయిందని సంతోషించకండి. అది సమ్మతి కాదు, అలవాటు.

కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ చొక్కా వేసుకున్న మీరూ వాలంటీర్లే. మీకు సర్టిఫికెట్ వస్తుంది, నాలుగు ఫోటోలు వస్తాయి, ఎవరో ఒక ప్రొఫెసరు పేపర్లో చివరి పేరాలో మీకు ధన్యవాదాలు వస్తాయి.

మందుల పరిశోధన కాగితాల్లో మాత్రం ఇంకో అర్థం ఉంది. మందు ఎవరి ఒంట్లోకి వెళ్తుందో, రక్తం ఎవరి చేతినుంచి వస్తుందో వాళ్ళ పేరు వాలంటీర్. 'స్వచ్ఛందంగా పాల్గొన్నారు' అని రాస్తారు. తన ఇచ్ఛతో అని. 2011లో పిడుగురాళ్ళ నుంచి పేద ఆడవాళ్ళని హైదరాబాద్ తీసుకెళ్ళి రొమ్ము క్యాన్సర్ మందు వాళ్ళమీద పరీక్షించారని గొడవ బయటపడినప్పుడు, కాగితం ప్రకారం వాళ్ళూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళే. చదువు రాదు, క్యాన్సర్ లేదు, చేతికొచ్చే నాలుగు వేలో ఐదు వేలో కావాలి. ఆకలికి ఇచ్ఛ అని పేరు పెట్టడం మన దేశానికి కొత్తా?

క్యాన్సర్ పరిశోధన అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, మా అమ్మమ్మ నోరు. మాది కొండకింద మైదానం. అమ్మమ్మది శ్రీకాకుళం వైపు. అడ్డపొగ తాగేది. తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. బయటివాళ్ళకి వింతగా ఉంటుంది, దాన్ని ఫోటో తీసి 'గిరిజన సంస్కృతి' అని పెడతారు. అందులో సంస్కృతి కన్నా కూలి బతుకు ఎక్కువ ఉంది. ఊడ్పుల్లో వానకి నిప్పు ఆరదు. సముద్రపు గాలికి ఆరదు. రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట పెదాల మధ్య నిలుస్తుంది. బూడిద చంకలో బిడ్డమీద రాలదు. ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. మా వాడలో ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవారు. వాళ్ళమ్మలనుంచి వాళ్ళు నేర్చుకున్నారు.

ఆ నిప్పు కాల్చేది అంగిలిని. మామూలు పొగతాగేవాళ్ళకి అంగిలిమీద క్యాన్సర్ అరుదు. ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళకి అక్కడే వచ్చేది. మొదట తెల్లగా మందం కడుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు, తర్వాత పుండు. నొప్పి ఉండదు కనక ఎవరూ పట్టించుకోరు.

అమ్మమ్మని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పేరెందుకు. డాక్టరుగారు కుర్చీలోంచి లేవలేదు. "నోరు తెరు" అన్నారు, అంత దూరంనుంచే టార్చి వేశారు, చీటీ రాశారు. ఏ వాడనుంచి వచ్చామో ఓపీ చీటీ రాసేటప్పుడే అడిగారు లెండి. నోరు చూడడమంటే వేలు పెట్టి బుగ్గ లాగి, నాలుక ఎత్తి, అంగిలి తడిమి చూడడం. అంటే ఎంగిలి ముట్టుకోవడం. ఈ దేశంలో ఎంగిలి అనే మాటకి ఎంత బరువుందో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నోటి క్యాన్సర్ ఆలస్యంగా తెలియడానికి పేదరికం, అవగాహన లేకపోవడం అని వంద కారణాలు రాస్తారు. అంటరాని నోట్లో వేలు పెట్టడానికి వెనకాడిన చెయ్యి గురించి ఏ పేపర్లోనూ నేను చదవలేదు.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడే మా జిల్లాలో ఊరూరా తిరిగి నోళ్ళు చూసినవాళ్ళు ఉన్నారు. 1971లో ఒక బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ఆ పరిశోధన అచ్చయింది. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ దంత పరిశోధన విభాగం నుంచి ఫాలీ మెహతా, పి.సి. గుప్తా, ఇంకా కొందరు. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ వెళ్ళి 10,169 మంది నోళ్ళు చూశారు. దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్ళే. అంగిలిలో వచ్చే మార్పులకి ప్రపంచ వైద్యశాస్త్రం ఇవాళ వాడే వర్ణనల్లో చాలా భాగం ఆ నోళ్ళనుంచి వెళ్ళినవే.

నిజం చెప్పాలి, ఆ పరిశోధన అక్కడితో ఆగిపోలేదు. అదే బృందం ఆ తర్వాత కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్, మన శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లో 36 వేలమందికి పైగా పొగాకు వాడేవాళ్ళని ఏళ్ళతరబడి చూసింది. ఊరికే చూడలేదు, మానెయ్యమని చెప్పింది. బొమ్మలు చూపించింది, ఇంటికెళ్ళి మాట్లాడింది, ఏడాదికోసారి మళ్ళీ వచ్చి నోరు చూసింది. మానేసిన వాళ్ళలో, తగ్గించిన వాళ్ళలో ఆ తెల్లమచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్‌లో రాశారు. చదువు లేనివాళ్ళు చెబితే వినరు అనేవాళ్ళకి ఇంతకన్నా జవాబు ఏముంటుంది? చెప్పారు, విన్నారు, మానేశారు. చూసినవాడు మళ్ళీ వచ్చాడు కాబట్టి విన్నారు. నేను పరిశోధనకి వ్యతిరేకిని కానని మీకు అర్థమవడానికే ఇంత వివరంగా రాస్తున్నాను. వేలు పెట్టి చూసినవాళ్ళంటే నాకు గౌరవం.

ఇప్పుడు కొండెక్కుదాం.

డుంబ్రిగుడ అరకు దాటాక పాడేరు దారిలో వస్తుంది. మీలో చాలామందికి చాపరాయి తెలిసి ఉంటుంది, పిక్నిక్‌కి వెళ్ళి ఉంటారు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022 ఏప్రిల్ వరకు విశాఖ జిల్లా. రోడ్డుపక్క కాఫీ, రాజ్మా, పసుపు అమ్మే ఆడవాళ్ళని చూస్తారు. రోడ్డు వదిలి లోపలికి నడిస్తే కొందు, కోటియా, బగత, కొండదొర, వాల్మీకి పల్లెలు. ఇంట్లో మాట్లాడేది కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. తెలుగు సంతకి, ఆఫీసుకి. అక్కడి పెద్దవయసు ఆడవాళ్ళలోనూ అడ్డపొగ ఉంది. విశాఖ వంద కిలోమీటర్ల పైన, మధ్యలో ఘాటు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి కావాలంటే అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి దాకా దిగాలి, లేదా కేజీహెచ్. రోడ్డులేని పల్లెలనుంచి రోడ్డుదాకా డోలీ.

పన్నెండేళ్ళ కిందట ఒక మిత్రుడి వెంట అక్కడ ఒక పల్లెకి వెళ్ళాను. నోటి ఆరోగ్యం క్యాంపుకి మాటసాయం నా పని. ఒక ఇంటి అరుగుమీద ఒకావిడ కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. మా చేతిలో టార్చి చూడగానే నవ్వింది.

"ఏటి బాబూ, మళ్ళీ నోరు సూడ్డానికొచ్చారా?"

"ఇంతకు ముందు ఎవరైనా వచ్చారా పెద్దమ్మా?"

"వొచ్చారు కదా. సూసేరు, పొటో తీసేరు. ఏటుందో సెప్పలేదు."

లోపలికెళ్ళి ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్ తెచ్చింది. అందులో చిన్న పచ్చ చీటీ. ముందువైపు ఒక నంబరు. రేషన్‌కి పనికొస్తుందేమోనని దాచింది. వెనక్కి తిప్పితే ఇంగ్లీషులో పెన్నుతో ఒకే ఒక్క ముక్క రాసి ఉంది. రిఫర్.

రిఫర్. అంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపండి అని. చదవడం రాని మనిషి చేతిలో, ఆమెకి రాని భాషలో, ఆమె ఒంటి గురించిన కబురు. చీటీ రాసినవాడి దృష్టిలో పని అయిపోయింది. వాడి రిజిస్టర్లో ఆమె పేరెదురుగా టిక్కు పడి ఉంటుంది. ఆమె ఆ కబురుని ఏడాదిన్నర కవర్లో పెట్టుకు తిరిగింది.

మేం చూసేసరికి అంగిలిమీద పుండు. మర్నాడే బస్సులో కిందకి తీసుకెళ్ళాం, ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, వైద్యం ఉచితమే. బస్సు ఖర్చు, తోడున్న కొడుకు కూలి, అన్నం, పడుకోవడానికి చోటు, ఇవేవీ కార్డులో లేవు. రెండుసార్లు వచ్చింది, మూడోసారి రాలేదు. ఆ ఏడు కోతలయ్యాక చనిపోయింది.

ఆ చీటీ ఇచ్చిన సంస్థ పేరు నేను రాయను. చెడ్డవాళ్ళని కూడా అనను. డెంటల్ కుర్రాళ్ళు అయ్యుంటారు, మీలాగే. పొద్దున్న బస్సు దిగి సాయంత్రానికి ఇన్ని నోళ్ళు చూడాలని లెక్క ఉండి ఉంటుంది. వాళ్ళ ప్రశ్నాపత్రంలో 'ఫలితం ఎవరికి, ఏ భాషలో, ఎవరు, ఎప్పటిలోగా చెప్పాలి' అనే గడి లేదు, అంతే. ఒక గడి లేకపోతే ఒక మనిషి పోతుంది.

అదే పల్లెలో ఇంకోటి గమనించాను. అది నాలాంటి వాడికే కనిపిస్తుందేమో. ముందొచ్చిన సర్వేవాళ్ళు కూర్చున్న అరుగు, భోజనం చేసిన ఇల్లు ఏవో అందరూ చూపించారు. వాల్మీకుల వీధి ఊరి చివర. ఏజెన్సీలో వాళ్ళు ఎస్టీలే, అయినా మిగతా తెగల్లో చాలామంది వాళ్ళింట్లో నీళ్ళు తాగరు. ఆ వీధిలో ఒక్కరి దగ్గరా పచ్చ చీటీ లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పిలవనూ లేదు. అరుగు ఎవరిదైతే అక్కడికి ఎవరు రాగలరో వాళ్ళే 'శాంపిల్' అయ్యారు. 'ఇంటింటి సర్వే' అని రాసి ఉన్న రిపోర్టు చదివినప్పుడల్లా నాకు ఆ వీధి గుర్తొస్తుంది.

పాఠకుల్లో కొందరు అనుకోవచ్చు, ఒక చీటీ పట్టుకుని ఇంత రాద్ధాంతమా అని. సరే, పెద్ద లెక్కలే చూద్దాం. భద్రాచలం వెళ్దాం.

2009 జూలై. అప్పటి ఖమ్మం జిల్లా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా. అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమంది. చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే. 2010 మార్చిలో సమా అనే మహిళా సంస్థ భద్రాచలం వెళ్ళి వాకబు చేసింది. ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఆ చావులకి టీకా కారణమని తేలలేదు. విచారణ కమిటీ వాటికి టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదనే చెప్పింది. ఆ టీకా మంచిదే. నా కూతురికి వేయించాను. మన ఆడపిల్లలకి అందాలి. వాట్సాప్‌లో 'టీకా వేసి ఆదివాసీ పిల్లల్ని చంపేశారు' అని తిప్పేవాళ్ళు మన పక్షాన ఉన్నట్టు కనిపిస్తారు, కానీ రేపు క్యాన్సర్ వచ్చేది మన పిల్లలకే.

మరి తప్పెక్కడ? 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక చదవండి, ప్రతి విద్యార్థీ చదవాల్సిన కాగితం. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. 2,763 మంది పిల్లల తల్లిదండ్రుల బదులు వార్డెన్ 'సరే' అన్నాడు. పోయిన వారం రాసింది గుర్తుంది కదా, అన్నం బాగా లేదని చెప్పడానికే వార్డెన్ ముందు నోరు పెగలదు. ఇంజెక్షన్ వద్దని ఏ పిల్ల చెబుతుంది? పైగా ఇది పరిశోధన అని ఎవరూ చెప్పలేదు, ప్రభుత్వ టీకా కార్యక్రమం అనే అందరూ అనుకున్నారు. అక్కడి పిల్లలకి తర్వాత జ్వరమొచ్చినా, కడుపునొప్పి వచ్చినా రాసుకునే ఏర్పాటు సరిగా లేదు. చావుకి టీకా కారణం కాదని గట్టిగా చెప్పాలన్నా ఆ రాత ఉండాలి కదా.

దీనికి ఒక కొనసాగింపు ఉంది, చాలామందికి తెలియదు. సరిగ్గా అదే సమయంలో ఇంకో పెద్ద పరిశోధన నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దేశంలో చాలా కేంద్రాల్లో, మన హైదరాబాద్ ఎమ్మెన్‌జే ఆసుపత్రితో సహా, ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూస్తోంది. భద్రాచలం గొడవతో ప్రభుత్వం దాన్నీ ఆపించింది. అప్పటికి సుమారు 5 వేలమంది పిల్లలకి ఒక్క డోసే పడింది. ఆ పిల్లల్ని శాస్త్రవేత్తలు వదిలెయ్యలేదు, ఏళ్ళతరబడి చూశారు. ఒక్క డోసు పడినవాళ్ళకీ రక్షణ దాదాపు అంతే ఉందని తేలింది. 2021లో అచ్చయింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని చెప్పడానికి ఆధారాల్లో ఇదొకటి. అంటే ఇవాళ ఆఫ్రికాలో, ఆసియాలో పేద దేశాలు సగం ఖర్చుతో ఎక్కువమంది పిల్లల్ని కాపాడుకోగలుగుతున్నాయంటే, మధ్యలో ఆగిపోయిన ఆ భారతీయ బాలికల ఒళ్ళు ఇచ్చిన జ్ఞానం అందులో ఉంది.

ఎంత గొప్ప కానుక! ఆ 5 వేలమంది ఇప్పుడు పాతికేళ్ళు దాటిన తల్లులు. ప్రపంచానికి తామేం ఇచ్చారో వాళ్ళలో ఎందరికి తెలుసో ఆలోచించండి. ఒక పండగ చెయ్యాలి వాళ్ళకి. పద్మ అవార్డు కమిటీకి ఆ పిల్లలు కనిపించరు లెండి.

ఇంకో లెక్క చెప్పి ఈ చిట్టా ముగిస్తాను. ముంబయి మురికివాడలు, మహారాష్ట్ర ఉస్మానాబాద్, తమిళనాడు దిండిగల్. ఈ మూడు చోట్లా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలమీద పెద్ద పరిశోధనలు జరిగాయి. కొన్ని ఊళ్ళ ఆడవాళ్ళకి పరీక్ష చేశారు. పోల్చడానికి మిగతా ఊళ్ళవాళ్ళకి చెయ్యలేదు, ఆరోగ్య సమాచారం ఇచ్చి ఊరుకున్నారు. అలా పరీక్ష లేకుండా ఉంచిన లక్షకు పైగా ఆడవాళ్ళలో 254 మంది ఆ క్యాన్సర్‌తో చనిపోయారు. పరిశోధకుల వాదన ఏమిటంటే, అప్పటికి దేశంలో ఎవరికీ ఎలాగూ పరీక్ష లేదు కదా అని. ముంబయి పరిశోధన వెనిగర్ పూసి చూసే చవక పరీక్షతో చావులు 31 శాతం తగ్గుతాయని రుజువు చేసింది, అది చిన్న విషయం కాదు. కానీ 'మీకు ఎలాగూ ఏమీ లేదు కదా' అనే మాట విన్నారా? మన పెద్దల చెవులకి అది బాగా అలవాటైన మాట. బావి లేదు కదా, బడి లేదు కదా, కొత్తగా మేం తీసుకున్నదేముంది అని. లేకుండా చేసింది ఎవరో ఆ వాక్యంలో ఉండదు.

డుంబ్రిగుడ పక్క మండలం అనంతగిరి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది ఆ కొండల్లోనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమైనా సరే, గిరిజనేతర కంపెనీలకి గనుల లీజు ఇవ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. అంతకు ముందే 1/70 చట్టం ఉంది, గిరిజనుడి భూమి బయటివాడు కొనలేడు. పీసా చట్టం ఉంది, గ్రామసభని అడగాలి. ఒక పల్లె సమావేశంలో ఇవన్నీ నేను గొప్పగా చెబుతుంటే ఒక చెల్లెలు లేచింది, ఆశా కార్యకర్త. "అన్నా, మా మట్టి తీసుకెళ్ళాలంటే గ్రామసభ కావాలి. మా రక్తం తీసుకెళ్ళాలంటే ఎవుర్ని అడగాలి?" అంది.

దానికి కాగితంమీద జవాబు ఉంది. 2017 ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాల్లో గిరిజనుల గురించి విడిగా రాశారు. వాళ్ళకి నేరుగా మేలు చేసే పరిశోధనే చెయ్యాలి, గిరిజన ప్రాంతంలో అడుగుపెట్టే ముందు గిరిజన సంక్షేమ కమిషనర్‌దో కలెక్టర్‌దో అనుమతి ఉండాలి, ఊరి పెద్దలతో, ఆ భాష తెలిసినవాళ్ళతో సంప్రదించి, సాక్షి ఎదుట సమ్మతి తీసుకోవాలి. 2019 క్లినికల్ ట్రయల్ నియమాల్లో నష్టపరిహారం ఉంది, బలహీన వర్గాలవాళ్ళమీద కొత్త మందు పరీక్షిస్తే సమ్మతిని ఆడియో వీడియో తియ్యాలని ఉంది. మందుల ట్రయల్ ఏదైనా 2009 నుంచీ జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. వాలంటీర్‌గా పిలిచినవాళ్ళని ముందు అడగాల్సింది ఇదే. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉత్తరం చూపించండి సార్, అని. చూపించకపోతే బస్సెక్కకండి.

అయినా ఆ చెల్లెలి ప్రశ్నకి ఇది పూర్తి జవాబు కాదు. కలెక్టర్ అనుమతి ఊరి అనుమతి కాదు. నా అభిప్రాయం, రక్తం, ఉమ్మి, నోటి ఫోటో ఏది తీసుకున్నా గ్రామసభలో ముందు చెప్పాలి. గ్రామసభకి 'వద్దు' అనే అధికారం ఉండాలి. అయితే గ్రామసభ 'సరే' అంటే ఇంట్లో ఉన్న ఆడమనిషి 'సరే' అన్నట్టు కాదు. మగవాళ్ళు కూర్చుని ఆడవాళ్ళ గర్భసంచి గురించి తీర్మానం చేస్తే అది వార్డెన్ సంతకం లాంటిదే. ఊరిని అడగాలి, మళ్ళీ మనిషినీ అడగాలి. రెండూ.

ఇది అత్యాశ అనేవాళ్ళకి రెండు ఉదాహరణలు. అమెరికా గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవాసుపాయి తెగవాళ్ళు 1990 నుంచి తమలో షుగరు ఎందుకెక్కువో తెలుసుకోవాలని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రక్తం ఇచ్చారు. ఆ రక్తంతో పిచ్చి గురించి, దగ్గర సంబంధాల గురించి, వాళ్ళ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వలస వచ్చారనే దాని గురించి కూడా పేపర్లు రాసుకున్నారు. తెగవాళ్ళకి 2003లో తెలిసింది. కోర్టుకెళ్ళారు. 2010 ఏప్రిల్‌లో, అంటే భద్రాచలంలో టీకా ఆగిన అదే నెలలో, యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి అప్పజెప్పింది. వాళ్ళు వెళ్ళి తమ రక్తం తాము తెచ్చుకున్నారు. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు ఇంకో అడుగు వేశారు. 2017లో తమ సొంత పరిశోధనా నియమావళి రాసుకున్నారు. మా దగ్గరకి వచ్చేవాళ్ళు ఇలా రావాలి, ఇలా మాట్లాడాలి, తెలిసింది మాకు తిరిగి చెప్పాలి అని. ఎవరూ వాళ్ళకి రాసిపెట్టలేదు. అరకులోయకి అలాంటి నియమావళి ఆదివాసీ ఒడియాలో, కువిలో ఎందుకు ఉండకూడదు? ఈ పని పాడేరు కొత్త మెడికల్ కాలేజీలో చేరిన మన పిల్లలు మొదలుపెట్టొచ్చు. నేను రాయకూడదు, నేను కొండవాణ్ణి కాదు. పక్కన కూర్చుని టీ పెట్టిస్తాను.

మేం ఇప్పుడు చేస్తున్నది చిన్న పని. విశాఖనుంచి ఇద్దరు డెంటల్ డాక్టర్లు, ఆ ఆశా చెల్లెలు, డిగ్రీ చదివే ఇద్దరు స్థానిక అమ్మాయిలు. క్యాంపు ఒక అరుగుమీద పెట్టం, ప్రతి వీధిలోనూ పెడతాం, ఊరి చివరి వీధితో మొదలెడతాం. మొదటిసారి అలా చేసినప్పుడు ఒక పెద్దాయన అలిగి వెళ్ళిపోయాడు, రెండోసారి తనే వచ్చి వరుసలో నిలబడ్డాడు. ఫోటో తీస్తే ముందు ఆ మనిషికే చూపిస్తారు, తన అంగిలి తను చూసుకోవడం చాలామందికి అదే మొదటిసారి. ఒకామె చూసుకుని చుట్ట అక్కడే నేలకేసి రాసింది. అందరూ అలా చెయ్యరు, మళ్ళీ వెలిగించుకున్నవాళ్ళే ఎక్కువ. అనుమానం ఉంటే ఎవరి ముందు చెప్పాలో ఆమెనే అడుగుతారు. కొందరు కొడుకు ముందు అంటారు, కొందరు ఎవరూ వద్దంటారు. ఒకామె తన మేక పక్కన చెప్పించుకుంది! ఆసుపత్రికి తోడు ఎవరెళ్ళాలో, ఆ రోజు కూలి ఎక్కణ్ణుంచో అక్కడే తేల్చుకుని లేస్తాం. దీనివల్ల రోజుకి చూసే నోళ్ళ లెక్క బాగా తగ్గింది. ఒక డాక్టరు మిత్రుడు "ఇలా అయితే పేపర్ రాయడానికి శాంపిల్ చాలదు అన్నా" అన్నాడు. చాలదు. వచ్చే ఏడు కూడా వద్దాం అన్నాను.

ఫోన్ చేసిన మీ ముగ్గురికీ పని ఉంది. పోయిన నెల చూసినవాళ్ళలో పదకొండు మందిని ముక్క పరీక్షకి పంపాం. రిపోర్టులు వచ్చాయి. తొమ్మిది మందికి ఇళ్ళకెళ్ళి చెప్పాం. రెండు కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి. ఒకామె కించుమండ దాటి కూతురింటికి వెళ్ళింది. రెండో ఆమె కుటుంబం మొత్తం ఇటుకబట్టీ పనికి దిగిపోయింది, మేస్త్రీ ఫోన్ నంబరు నిన్ననే దొరికింది. ఆమె కాగితంలో ఉన్నది మంచి కబురు కాదు. ఆదివారం పొద్దున్న ఎస్.కోట బస్టాండులో ఆరింటికి ఉంటాను. ఒడియా వచ్చినవాళ్ళు ఒకరైనా రండి.